పద్దెనిమిదేళ్ల ఉద్యోగం నుంచి బడి దాకా: దారి మార్చుకునే ముందు నేను చేసిన పని

2023 అక్టోబరు చివర్లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఉద్యోగం వదిలి బీఈడీ తరగతిలో కూర్చున్నాను. అప్పటికి నాకు ముప్పై తొమ్మిదేళ్లు, ఆ రంగంలో పద్దెనిమిదేళ్ల అనుభవం. ఇప్పుడు హైదరాబాదులో నిజాంపేట దగ్గర ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతున్నాను. తెలిసినవాళ్లు కలిసినప్పుడల్లా అంత ధైర్యం ఎలా వచ్చిందని అడుగుతారు. ధైర్యం గురించి నాకు చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. రాజీనామాకు ముందు ఏడాది పైగా ఏం చేశాను, ఎంత ఖర్చయింది, ఏ కాగితం కోసం ఎంత కాలం తిరిగాను అన్నవి మాత్రం ఉన్నవి ఉన్నట్టు చెప్పగలను. ఇలాంటి ఆలోచనతోనే ఉన్న నా పాత సహోద్యోగులు నన్ను అడిగేవి కూడా ఆ వివరాలే.

మా పని తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. అమెరికాలో డాక్టరు రోగిని చూశాక చెప్పిన మాటలు ఆడియో ఫైలుగా మాకు వస్తాయి. మేము ఇక్కడ రాత్రి షిఫ్టులో విని టైపు చేస్తాం. లెక్కంతా లైన్లలోనే, 65 అక్షరాలు ఒక లైను. కచ్చితత్వం 98 శాతానికి తగ్గితే ఫైలు వెనక్కి వస్తుంది. తర్వాత మాటను విని తనంతట తానే టైపు చేసే సాఫ్ట్‌వేర్ వచ్చింది. మేము దాని తప్పులు దిద్దేవాళ్లమయ్యాం. దిద్దినందుకు ఇచ్చే లైను ధర పాత ధరలో సగం. 2022 నాటికి నలభై మంది ఉన్న మా జట్టు పదకొండు మందికి వచ్చింది.

ఆ ఏడాది ఆగస్టులో మా మేనేజరు పిలిచి మెడికల్ కోడింగ్‌కు, అంటే జబ్బులను, చికిత్సలను బిల్లుల కోసం కోడ్ నంబర్లుగా రాసే పనికి మారమన్నారు. శిక్షణను మా సంస్థే ఇస్తుంది, సర్టిఫికెట్ పరీక్ష ఫీజు మాత్రం మనమే కట్టుకోవాలి, పది రోజుల్లో చెప్పాలి. జట్టులో దాదాపు అందరూ ఆ రోజే ఒప్పుకున్నారు. ఇంటికొచ్చి మా ఆయనకు చెబితే, "కోడింగ్‌కు మంచి డిమాండ్ ఉంది కదా, ఇంకా ఆలోచించడానికి ఏముంది?" అన్నారు. నాకు ఒళ్లు జలదరించింది. 2004లో అమీర్‌పేటలో మైత్రీవనం ముందు నిలబడి మా చిన్నాన్న ట్రాన్స్‌క్రిప్షన్ గురించి అన్న మాట కూడా ఇదే. అప్పుడూ కోర్సులో చేరడానికి వారం గడువే ఉంది. చేరాక ఆ రంగంలో పద్దెనిమిదేళ్లు గడిచిపోయాయి.

ఆ రాత్రి షిఫ్టులో ఫైళ్లు తక్కువగా ఉన్నాయి. నేను అప్పటికి చాలా ఏళ్లుగా క్వాలిటీ విభాగంలో ఉన్నాను. అక్కడ ఒక ఫైలులో తప్పు దొరికితే ఎవరు చేశారన్న దగ్గర ఆగిపోము. ఏ పరిస్థితిలో జరిగిందో రాస్తాం. ఆడియోలో గోల ఉందా, షిఫ్టు ఆఖరి గంటా, గడువు ముంచుకొచ్చిందా, కొత్త డాక్టరు గొంతా? ఒక నెల నమోదులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే కారణం దానంతట అదే బయటపడుతుంది. ఇన్నేళ్లు ఇతరుల ఫైళ్లకు చేసిన ఆ పనిని నా నిర్ణయాలకు చేస్తే ఏం కనిపిస్తుందో చూడాలనిపించింది.

మా అమ్మాయి సగం వాడి వదిలేసిన లాంగ్ నోట్‌బుక్ తీసుకుని, పేజీని అడ్డంగా తిప్పి గళ్లు గీశాను. ఏ నిర్ణయం, ఏ సంవత్సరం, దానికి ముందు వారంలో ఇంట్లో ఏం జరిగింది, ఎవరిని అడిగాను, ఎన్ని రోజుల్లో తేల్చాను, అందులోకి దిగక ముందు దాన్ని దగ్గరగా చూశానా లేదా, ఎంత కాలం నిలిచింది. ఫలితం మంచిదా చెడ్డదా అన్న గడి కావాలనే పెట్టలేదు. అది పెడితే మనసు దాని చుట్టూనే తిరుగుతుంది, చివరికి ఏడుపే మిగులుతుంది. ఇలా రాయాలనుకునేవాళ్లు ఎవరైనా ఉంటే ఆ ఒక్క గడి మాత్రం వద్దని గట్టిగా చెబుతాను.

ఒక్క కూర్చోవడంలో అయ్యే పని కాదది. దాదాపు వారం పట్టింది. తేదీలు గుర్తురాక నాన్నకు ఫోన్ చేసేదాన్ని. ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు, ఆయనకు అన్నీ డ్యూటీ చార్టులతో కలిపి గుర్తుంటాయి. "నీ ఎంసెట్ ర్యాంకు వచ్చిన రోజు నేను దేవరకొండ బస్సు మీద ఉన్నానమ్మా. తిరిగొచ్చేసరికి నువ్వు అన్నం తినకుండా పడుకున్నావు" అన్నారు. ఆ సంగతి నాకు గుర్తే లేదు. 2001లో ర్యాంకు వచ్చాక దూరంగా ఉన్న కాలేజీలో తప్ప సీటు రాదని తేలింది. నాలుగు రోజుల్లో బీఎస్సీలో చేరిపోయాను. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకోవడం, బీఎస్సీ, ట్రాన్స్‌క్రిప్షన్ కోర్సు, 2008 మాంద్యంలో మొదటి సంస్థ మనుషులను తీసేస్తున్నప్పుడు దొరికిన రెండో ఉద్యోగం, 2012లో జీతం ఎక్కువని మారిన మూడోది. అన్నీ వరసగా కాగితం మీదికి వచ్చాయి.

రాయడం పూర్తయ్యాక రెండు రోజులు ఆ పుస్తకం తెరవలేదు. తెరిచినప్పుడు మొదట కనిపించింది రోజుల గడి. నాలుగు, ఆరు, పది, మూడు. ఇరవై ఏళ్ల దిశను నిర్ణయించినవన్నీ రెండు వారాల లోపే తేలిపోయాయి. ప్రతిదానికీ ముందు వారంలో ఏదో ఒక దెబ్బ ఉంది. మంచి ర్యాంకు రాకపోవడం, నాన్న ఆపరేషన్, ఉద్యోగం పోతుందన్న వార్త. "దగ్గరగా చూశానా" అన్న గడి నిండా "లేదు" అనే ఉంది. ఏ నిర్ణయమూ తెలివితక్కువది కాదు. ఆ వారంలో ఆ ఇంట్లో ఎవరున్నా అదే చేసేవారు. కానీ ప్రతిసారీ నేను దేని నుంచి బయటపడాలో చూసుకున్నానే గాని, దేనిలోకి వెళుతున్నానో చూడలేదు.

రెండు వరసలు మాత్రం వేరుగా ఉన్నాయి. ఒకటి మా ఫ్లాటు. 2016లో కొనడానికి ముందు అదే వీధిలో రెండేళ్లు అద్దెకున్నాం. నీళ్ల ట్యాంకర్లు ఏ నెలలో మొదలవుతాయో, వాన పడితే ఏ సందు మునుగుతుందో తెలిసే కొన్నాం. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఎందుకు కొన్నామా అనుకోలేదు. రెండోది 2010లో కొత్తవాళ్లకు శిక్షణ ఇచ్చే పని. దాన్ని నాకు ఎవరూ ఇవ్వలేదు, నేనే వెళ్లి అడిగాను. అడగడానికి ముందు కొన్ని నెలలుగా భోజన విరామంలో కొత్త పిల్లలకు శరీర భాగాల పేర్లు, మందుల పేర్లు చెబుతూనే ఉన్నాను. ఏడాదిన్నర పాటు ఆ పని చేశాను. ఆ రోజుల్లో పొద్దున ఇంటికొచ్చాక కూడా నిద్ర పట్టేది కాదు, మర్నాడు ఏ పదం ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ ఉండేదాన్ని. మూడో సంస్థ ఎక్కువ జీతం ఇస్తాననగానే ఆరు రోజుల్లో దాన్ని వదిలేశాను.

ఆ వరస దగ్గర చాలాసేపు ఉండిపోయాను. ఏడుపు వచ్చింది. చిన్నాన్న మీద కోపం వచ్చింది, తర్వాత అదీ పోయింది. ముగ్గురు పిల్లలున్న మనిషి, తనకు తెలిసిన మంచి మాటే చెప్పారు.

గడువు ముగిసే రోజు మేనేజరుకు కోడింగ్ వద్దని చెప్పాను. దిద్దుబాటు పని ఉన్నంత కాలం అందులోనే ఉంటానన్నాను. ప్రోత్సాహకం పోయి నెలకు ఆరు వేలు తగ్గింది. నాకు అప్పటికి బడి అనే ఆలోచన ఉంది కానీ దాన్ని నమ్మలేదు. ఈసారి తొందరపడకూడదు, దిగక ముందు దగ్గరగా చూడాలి. ఈ రెండూ మాత్రం ఖాయం చేసుకున్నాను. ఏడాది గడువు నాకు నేనే పెట్టుకున్నాను.

సెప్టెంబరు నుంచి మా కాలనీ కమ్యూనిటీ హాలులో ఆదివారాలు పదో తరగతి పిల్లలకు ఉచితంగా లెక్కలు చెప్పడం మొదలుపెట్టాను. అపార్ట్‌మెంట్లలో పనిచేసే వాచ్‌మన్‌ల పిల్లలు, పక్క బస్తీ పిల్లలు వచ్చేవారు. బాగుండేది. మరీ బాగుండేది. అదే నాకు అనుమానం కలిగించింది. వారానికి రెండు గంటలు, ఇష్టపడి వచ్చిన పిల్లలు, పరీక్షలు లేవు, పై అధికారి లేడు. ఉద్యోగం అలా ఉండదు కదా.

2023 జనవరిలో దగ్గర్లోని ఒక చిన్న ప్రైవేటు బడిలో లెక్కల టీచరు ప్రసూతి సెలవు మీద వెళ్లారని తెలిసింది. వెళ్లి ప్రిన్సిపాల్‌ను కలిశాను. బీఈడీ లేదు కాబట్టి తాత్కాలికంగానే, పూట పనికి నెలకు ఆరు వేలు ఇస్తామన్నారు. నా షిఫ్టు రాత్రి రెండింటికి ముగిసేది. ఇంటికొచ్చి నాలుగు గంటలు పడుకుని ఎనిమిదిన్నరకు బడిలో ఉండేదాన్ని. మార్చి మధ్య వరకు అలా గడిపాను. ఆరోగ్యానికి మంచిది కాదు, అంతకంటే ఎక్కువ కాలం చేయగలిగేదాన్ని కూడా కాదు. కానీ దారి మార్చుకోవాలనుకునే ప్రతి ఒక్కరూ రాజీనామాకు ముందు ఇలాంటి కొన్ని వారాలు ఎలాగైనా సంపాదించుకోవాలని నా అభిప్రాయం.

మొదటి వారంలోనే గొంతు పోయింది. ఎనిమిది గంటలు కుర్చీలో కూర్చోవడం అలవాటైన కాళ్లు మూడు గంటలు నిలబడేసరికి వాచిపోయేవి. ఒక్కో తరగతిలో యాభై మందికి పైగా పిల్లలు, యాభైకి పైగా నోట్‌బుక్కులు. సగం సమయం దిద్దడానికే పోతుంది. తల్లిదండ్రుల సమావేశంలో ఒక తండ్రి "కొత్త టీచరుకు బీఈడీ కూడా లేదట" అని నా ముందే అన్నారు. ఒక శుక్రవారం చివరి బెంచీ వాళ్ల మీద గట్టిగా అరిచాను, ఆ సాయంత్రమంతా మనసు బాగాలేదు. ఇవన్నీ నోట్‌బుక్‌లో అదే రోజు రాశాను, తర్వాత మరిచిపోకుండా.

ఇంకో రోజు ఏడో తరగతిలో రుణ సంఖ్యల గుణకారం చెబుతున్నాను. ఒక అమ్మాయి లేచి, "మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుంది టీచర్?" అని అడిగింది. నాకు తెలిసింది సూత్రమే. రేపు చెబుతానన్నాను. రేపు కూడా చెప్పలేకపోయాను. మూడో రోజు బోర్డు మీద వరసగా రాశాను. 3ని మైనస్ 2తో గుణిస్తే మైనస్ 6. 2ని గుణిస్తే మైనస్ 4. 1ని గుణిస్తే మైనస్ 2. 0ను గుణిస్తే 0. ఎడమవైపు ఒక్కొక్కటి తగ్గుతుంటే కుడివైపు ప్రతిసారీ రెండు పెరుగుతోంది. మరి మైనస్ 1 దగ్గర ఎంత రావాలి? తరగతి మొత్తం "రెండు" అంది. ఆ అమ్మాయి కాసేపు బోర్డు వైపే చూసి, "అయితే ఇది ఎవరో పెట్టిన రూలు కాదా టీచర్?" అంది. ఆ పూట బస్సు స్టాపు దాకా నేను నడిచినట్టు లేదు. కాళ్ల వాపు అలాగే ఉంది, నిద్ర లేదు, జీతం ఆరు వేలు. అన్నీ తెలిసి కూడా ఇదే కావాలనిపించింది.

ఇంట్లో మాట్లాడింది ఆ తర్వాతే. మా ఆయన కోప్పడలేదు, కానీ తేలిగ్గా ఒప్పుకోలేదు కూడా. "రెండేళ్లు చదివి చేరాక మళ్లీ ఇదే విసుగు వస్తే ఏం చేస్తావు?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. నోట్‌బుక్ ఆయన చేతిలో పెట్టాను. ఫ్లాటు వరస చూసి, "ఇది ఇద్దరం కలిసి చూసుకున్నాం కదా" అన్నారు. తర్వాత డబ్బు లెక్కలోకి దిగాం. అత్తయ్య మాత్రం, "చదువుకుంటానంటే ఆపడమెందుకురా, తాగుడికా తిరుగుడికా" అని కొడుకుతో అన్నారు. ఆమె ఆ మాట అంటారని నేను అనుకోలేదు.

లెక్క ఇదీ. నా జీతం నలభై ఆరు వేలు, ఆయనది యాభై ఎనిమిది. ఇంటి రుణం వాయిదా ఇరవై ఒకటిన్నర వేలు. అమ్మాయి బడి ఫీజు, పాలు, పెట్రోలు, అత్తయ్య మందులు పోగా ఆయన జీతంలో దాదాపు ఏమీ మిగలదు. పండబోయే చిట్టీ మొత్తాన్ని రెండేళ్ల వాయిదాల కోసం విడిగా బ్యాంకులో వేశాం. కారు కొనాలన్న ఆలోచన మానుకున్నాం. మేము ముందు ఊహించని ఖర్చు ఆరోగ్య బీమా. నా సంస్థ ఇచ్చే గ్రూపు బీమాలో అత్తయ్య కూడా ఉన్నారు, ఆమెకు షుగరు ఉంది. నేను మానేసిన రోజే అది ఆగిపోతుంది. కొత్త పాలసీ తీసుకుంటే పాత జబ్బులకు ఏళ్ల తరబడి నిరీక్షణ గడువు పెడతారు. అదే బీమా సంస్థలో గ్రూపు నుంచి సొంత పాలసీకి మారితే అప్పటిదాకా గడిచిన కాలాన్ని లెక్కలోకి తీసుకుంటారు. కాకపోతే ఆ పని ఉద్యోగంలో ఉండగానే మొదలుపెట్టాలి. ఏడాదికి ముప్పై ఒక్క వేలు ప్రీమియం పడింది. రాజీనామా చేశాక ఈ సంగతి తెలిసి ఉంటే చాలా ఇబ్బంది పడేవాళ్లం.

బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్‌కు దరఖాస్తు మార్చిలో పెట్టాను, ఫీజు 700 రూపాయలు. వయసుకు పై పరిమితి లేదు. పరీక్ష 150 మార్కులకు, రెండు గంటలు. నేను లెక్కల కోసం చేరుతున్నా, లెక్కలకు 20 మార్కులే. సైన్సుకు 20, సాంఘిక శాస్త్రానికి 20, బోధన సామర్థ్యానికి 20, ఇంగ్లీషుకు 20, కంప్యూటరుకు 20, జనరల్ నాలెడ్జికి, విద్యా విషయాలకు కలిపి 30. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు. పాఠాలన్నీ పదో తరగతి స్థాయి వరకే. సాంఘిక శాస్త్రం చదివి ఇరవై ఏళ్లు దాటింది కాబట్టి మా అమ్మాయి పుస్తకాలతో పాటు పై తరగతుల పుస్తకాలు కోఠిలో పాతవి కొన్నాను. శిక్షణ కేంద్రానికి వెళ్లలేదు, అవసరం పడలేదు. మే 18న పరీక్ష. కేంద్రం నగరం శివార్లలో, ఎండ మాడ్చేస్తోంది. హాలులో నా చుట్టూ ఉన్న పిల్లల్లో ఒకరు నన్ను ఇన్విజిలేటరు అనుకుని లేచి నిలబడ్డారు. జూన్ రెండో వారంలో ఫలితాలు వచ్చాయి. ర్యాంకు మూడు వేల నాలుగు వందల లోపు.

ఇక్కడి నుంచి నిరీక్షణ. ఫలితాలు జూన్‌లో వచ్చినా కౌన్సెలింగ్ మొదలైంది సెప్టెంబరు మూడో వారంలోనే. ఆ మూడు నెలలూ నాకు వరంలా పనికొచ్చాయి. ఎందుకంటే కాగితాలు సిద్ధంగా లేవు.

తొమ్మిదో తరగతి నుంచి డిగ్రీ దాకా ప్రతి ఏడాదికీ స్టడీ సర్టిఫికెట్ కావాలి. టెన్త్, ఇంటర్, డిగ్రీ మెమోలు, ప్రొవిజనల్, టీసీ, కులం సర్టిఫికెట్. నా డిగ్రీ కాలేజీ మూతపడి చాలా ఏళ్లయింది. టీసీ అసలు ప్రతి ఎప్పుడో, ఏ ఇల్లు మారినప్పుడో పోయింది. మూతపడిన కాలేజీ రికార్డులు అదే యాజమాన్యానికి దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్న మరో కాలేజీలో ఉన్నాయని ఒక పాత స్నేహితురాలి ద్వారా తెలిసింది. అక్కడి గుమాస్తా చాలా ఓపికగల మనిషి. నకలు టీసీకి నోటరీ అఫిడవిట్, పోయినట్టు పోలీసుల నుంచి కాగితం తెమ్మన్నారు. దానికి మీసేవలో దరఖాస్తు పెట్టాను. టెన్త్ మెమోలో ఒక ఇంటిపేరు, ఆధార్‌లో పెళ్లయ్యాక మారిన ఇంటిపేరు. దానికి ఇంకో అఫిడవిట్. ఏప్రిల్ ఆఖర్లో మొదలుపెట్టిన పని ఆగస్టులో పూర్తయింది. ప్రయాణాలు, స్టాంపు కాగితాలు, ఫీజులు అన్నీ కలిపి నాలుగు వేల పైచిలుకు. ఈ దారిలోకి రావాలనుకునేవాళ్లు పరీక్ష గురించి ఆలోచించకముందే బీరువా తెరిచి టీసీ ఉందో లేదో చూసుకోవాలి.

గత ఏడాది ఏ కాలేజీలో ఏ ర్యాంకు దాకా సీటు వచ్చిందో చూశాక, ఎక్కడో ఒకచోట సీటు ఖాయమని తెలిసింది. అప్పుడే, సెప్టెంబరు 25న, రాజీనామా ఇచ్చాను. అంతకు ముందు ఇవ్వలేదు. నోటీసు కాలం రెండు నెలలు, తరగతులు అక్టోబరు చివర్లోనే. మిగిలిన నెలకు ఒక నెల జీతం చివరి లెక్కలో కోసుకున్నారు. బాధపడ్డాను గానీ ముందే లెక్కలో పెట్టుకున్న డబ్బే అది. పదకొండేళ్ల సర్వీసుకు గ్రాట్యుటీ లక్షా యాభై రెండు వేల చిల్లర వచ్చింది. లెక్క తేలికే: చివరి మూల వేతనాన్ని 15తో గుణించి 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. పీఎఫ్ మాత్రం వెంటనే రాలేదు. అప్పటి నిబంధన ప్రకారం ఉద్యోగం లేకుండా నెల దాటితే 75 శాతం, రెండు నెలలు దాటితే మిగతాది తీసుకోవచ్చు. అక్కడ కూడా ఇంటిపేరు తేడా అడ్డొచ్చింది. సరిచేయడానికి పాత సంస్థ సంతకం కావాలి. ఫిబ్రవరిలో గాని డబ్బు చేతికి రాలేదు. ఉద్యోగంలో ఉండగానే ఆధార్, పాన్, పీఎఫ్‌లో పేరు ఒక్కటే ఉందో లేదో చూసుకోండి.

చివరి షిఫ్టు రోజు నేను అనుకున్నంత తేలిగ్గా గడవలేదు. ఏళ్ల తరబడి నేను విన్న ఒక డాక్టరు ఫైలు ఆ రాత్రి కూడా వచ్చింది. ఆయన మొహం నాకు తెలియదు, దగ్గు తెలుసు. ఎక్కడ ఆగి కాగితం తిప్పుతారో తెలుసు. ఆ ఫైలు పూర్తిచేసి పంపించి చాలాసేపు హెడ్‌ఫోన్ తీయలేదు. ఇష్టం లేని పని వదిలేస్తున్నప్పుడు కూడా దుఃఖం వస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు. ఈ సంగతి ముందే తెలిస్తే, ఆ దుఃఖాన్ని చూసి నిర్ణయం తప్పేమోనని భయపడేదాన్ని కాదు.

బీఈడీ రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు. ఫీజు ఏడాదికి ఇరవై వేలకు కాస్త పైన. హాజరు తప్పనిసరి. రికార్డులు రాయడానికి, చార్టులు, బోధనోపకరణాలు తయారుచేయడానికి పోయే సమయం, డబ్బు ఎవరూ ముందుగా చెప్పరు. రెండేళ్లలో తొమ్మిది వేల దాకా అయింది. మా బ్యాచ్‌లో ఎక్కువమంది ఇరవై రెండు, ఇరవై మూడేళ్లవాళ్లు. మొదట "మేడం" అనేవారు, సంక్రాంతి సెలవులయ్యేసరికి "అక్కా" అయ్యాను. సూక్ష్మ బోధనలో ఐదారు నిమిషాల పాఠం చెప్పాలి, తోటివాళ్లు పిల్లల్లా కూర్చుంటారు. నా గొంతు ఒకే స్థాయిలో ఉంటుందని అక్కడే మొదటిసారి విన్నాను. హెడ్‌ఫోన్ల మధ్య నిశ్శబ్దంగా బతికిన మనిషిని కదా. ఆ ఒక్క సలహా వల్ల నా తరగతి మారింది.

రెండో ఏడాది పదహారు వారాలు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఇంటర్న్‌షిప్. నేను చూసినవాటిలో నన్ను ఎక్కువగా మార్చింది ఇదే. పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. పిల్లలు ఇంగ్లీషు మీడియంలోకి వచ్చారు గానీ లెక్క అర్థం కావడానికి చూపు ఎదురు పేజీలోకి వెళుతుంది. నేను ముందు ఇంగ్లీషులోనే చెప్పాలని పట్టుబట్టాను. అక్కడి సీనియర్ లెక్కల సారు నా పాఠం వెనక కూర్చుని విని, "అమ్మా, మొదట లెక్క అర్థం కానివ్వండి, భాష దాని వెనకే వస్తుంది" అన్నారు. అప్పటి నుంచి రెండు పేజీలూ తెరిచే ఉంచమంటున్నాను.

టెట్‌కు, అంటే టీచరు అర్హత పరీక్షకు, బీఈడీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. రెండో పేపరు 150 మార్కులు. బీసీలకు 75 రావాలి, ఓసీలకు 90, ఎస్సీ, ఎస్టీలకు 60. 2025 జనవరిలో రాసినప్పుడు నాకు కావలసిన మార్కులు రాలేదు. శిశు వికాసం, బోధనా పద్ధతుల భాగాన్ని తక్కువ అంచనా వేశాను. జూన్‌లో మళ్లీ రాశాను. లెక్కలు, సైన్సు కలిపి 60 మార్కులు; జీవశాస్త్రం ప్రశ్నల్లో గుండె, మూత్రపిండాలు, హార్మోన్ల గురించి వచ్చినవి చదవకుండానే రాయగలిగాను. పద్దెనిమిదేళ్లు రాత్రిళ్లు విన్న పదాలే అవి. పాత పని వృథా పోయిందని బాధపడే రోజుల్లో ఆ అరగంట నాకు చాలా ఓదార్పునిచ్చింది. జూలై చివర్లో ఫలితం వచ్చింది, 93 మార్కులు. టెట్ అర్హత ఇప్పుడు జీవితకాలం చెల్లుతుంది, కాబట్టి ఆ పని ఒకసారికి పూర్తయినట్టే.

2025 నవంబరు నుంచి ప్రైవేటు బడిలో పనిచేస్తున్నాను. జీతం పంతొమ్మిది వేలు, వదిలేసిన దానిలో సగం కూడా కాదు. చెప్పకుండా దాచడం నాకు ఇష్టం లేదు: ఇంట్లో ఇబ్బంది ఉంది. పండగ బట్టలు తగ్గాయి, ఊరి ప్రయాణాలు తగ్గాయి. అమ్మాయి ఒకసారి తన స్నేహితురాలి ఇంట్లో ఏదో చూసి వచ్చి మౌనంగా ఉంది. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. మర్నాడు ఆమెకు ఖర్చుల పుస్తకం చూపించి అంతా చెప్పాను. పదో తరగతికి వచ్చిన పిల్ల, అర్థం చేసుకోగలదు. "నువ్వు పగలు ఇంట్లో మేలుకుని ఉంటున్నావు కదా, అది చాలు" అంది. రాత్రి షిఫ్టుల వల్ల తను పోగొట్టుకున్నదేమిటో నాకు అంతవరకు తెలియదు.

ప్రభుత్వ టీచరు ఉద్యోగాల పరీక్ష డీఎస్సీ రాయాలని ఉంది. 2024లో జరిగిన డీఎస్సీలో వయోపరిమితి 46 ఏళ్లు, టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంది. అందుకే టెట్ మరోసారి రాసి మార్కులు పెంచుకుంటే మంచిదా, ఆ సమయం సబ్జెక్టు పాఠాల మీద పెట్టాలా అని చూస్తున్నాను. తేల్చడానికి వేసవి సెలవుల దాకా గడువు పెట్టుకున్నాను. ఈలోగా బడిలో తొమ్మిదో తరగతి భౌతిక శాస్త్రం కూడా నన్ను చెప్పమన్నారు. ఒప్పుకునే ముందు రెండు వారాలు ఆ సబ్జెక్టు చెప్పే టీచరు తరగతిలో వెనక బెంచీలో కూర్చుంటానని ప్రిన్సిపాల్‌ను అడిగాను. సరేనన్నారు, సోమవారం నుంచి కూర్చుంటున్నాను.